ఉలికి ముందు బెజ్జం

ఏలూరులో ఒక వర్క్‌షాపులో ఉక్కుని చెక్కే సీఎన్‌సీ అనే కంప్యూటర్ మిషన్‌కి ప్రోగ్రాములు రాస్తాను. ఆ వారం చెక్కే పనిముట్లు, కట్టర్లు, మూడు విరిగాయి. ఎంత మార్చినా సాఫ్ట్‌వేర్ తనకి నచ్చిన చోటే కట్టర్‌ని ఉక్కు దిమ్మలోకి దింపేది. ఇంకొకటి విరిగితే పని మానేసి పొమ్మన్నారు ఓనరుగారు. ఆ సాయంత్రం ఆకివీడు బస్సులో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకుంటున్నాను.

పక్కసీటు పెద్దాయన తొంగిచూసి, "ఏవండీ, ఆ గీతలేంటండీ?" అన్నారు. ఉక్కు దిమ్మలో కట్టర్ తిరిగే దారి అని చెప్పాను.

"మరి మొదట ఎక్కడ దిగుతుందండీ?"

చూపించాను.

"గట్టి ఉక్కులోకి తిన్నగానేనాండీ?"

ఇక నావల్ల కాలేదు. "మీకెందుకండీ ఇవన్నీ?" అని విసుక్కున్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "వడ్రంగం చేస్తానండి. చెక్కలో లోతుగా గాడి తియ్యాలంటే ముందు బర్మాతో బెజ్జం వేసుకుంటాం. అక్కడ దింపితే ఉలి మొన ఇరగదండి" అన్నారు మెల్లగా. నేను స్క్రీన్ ఇటు తిప్పేసుకున్నాను. కైకలూరులో ఆయన దిగిపోయారు.

మర్నాడు సాఫ్ట్‌వేర్ కట్టర్‌ని దింపే చోటు చూసుకుని, దిమ్మకి సరిగ్గా అక్కడే ముందు డ్రిల్లుతో రంధ్రం వేయించాను. పని పూర్తయ్యేదాకా కట్టర్ విరగలేదు.

"ఎవరు చెప్పారయ్యా?" అన్నారు ఓనరుగారు.

"బస్సులో ఒక పెద్దాయనండి."

ఆ పెద్దాయన పేరేమిటని అడిగారు ఓనరుగారు. బస్సులో నేను అడగనేలేదు. గుడ్డ తీసుకుని మిషన్ తుడవడం మొదలుపెట్టాను.