బాగుచేసిన పురుగు

చేపకు పొలుసులుంటాయని అందరికీ తెలుసు. పురుగుకు కూడా ఉంటాయని నాకు కాలేజీలో చేరాకే తెలిసింది. అది యాభైల నాటి మద్రాసు. జంతుశాస్త్రం చదివి, చదివిన కాలేజీలోనే డిమాన్‌స్ట్రేటరుగా కుదురుకున్నాను. మాది పాత మద్రాసులో పప్పుల టోకు వ్యాపారం చేసే కుటుంబం. మా వంటింట్లో చేప అన్న మాట కూడా పలకరు. అలాంటి ఇంట్లో పుట్టి సముద్రపు పురుగుల వెంట పడ్డానని మా అమ్మ తల కొట్టుకునేది.

ఎక్కడో ఉత్తరాన చలి సముద్రం అడుగున పట్టిన పురుగొకటి స్పిరిటు సీసాలో ఓడ మీద మా ల్యాబుకు వచ్చింది. సీసా మీది చీటీ దారిలోనే చెరిగిపోయింది. ఉన్నది ఆ ఒక్కటే. బొటనవేలంత పొడవు. తలమీద నాలుగు కళ్ళు, మూడు మీసాలు, గొంతులో నాలుగు కోరలు. ఒళ్ళంతా కణుపులు, కణుపు కణుపుకూ అటొకటి ఇటొకటి కాళ్ళలాంటి రెక్కలు, వాటినిండా కుచ్చులుగా ముళ్ళవెంట్రుకలు. వీపంతా ఇంటి పెంకుల్లా పరుచుకున్న పొలుసులు. ఆ పొలుసుల లెక్కలోనే దాని కులగోత్రాలన్నీ ఉన్నాయి. మన తీరాన రాళ్ళ కింద దొరికే రకానికి పన్నెండు జతలు. పదిహేనుంటే అది వేరే ప్రజాతి. తీరా చూస్తే అవి కాస్త గట్టిగా ముట్టుకుంటే రాలిపోయే రకం.

దానికి పేరు తేల్చే పని ప్రొఫెసరుగారు నాకిచ్చారు. వ్యాసర్పాడి నుంచి రోజూ నడిచి వచ్చే అటెండరు ఒకాయన మా ల్యాబులో ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నేను నువ్వనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సామీ అనేవాడు. ఏడేళ్ళుగా టెంపరరీ. ఆ నెలలో పర్మనెంటు చేస్తామన్నారు. "ఆర్డరు చేతికొచ్చినాకే మా ఆడదానికి చెప్తా సామీ, అంతదాకా నోరు మూసుకోనుండా," అని నవ్వేవాడు.

ఒక శనివారం ఇంటికి పోయే తొందరలో సీసా ఆయన చేతిలో పెట్టి, "ఈ పొలుసుల పురుగును బాగుచేసి పెట్టు, సోమవారం చూస్తాను," అన్నాను. మురికి స్పిరిటు మార్చి, సీసా తుడిచి పెట్టమని నా ఉద్దేశం. మా ఇంట్లో గొడుగు బాగుచేస్తారు, ఆకుకూర బాగుచేస్తారు. అంతవరకే నాకు తెలిసింది.

సోమవారం చూస్తే పురుగు బోడిగా పడుంది. వీపుమీద ఒక్క పొలుసు లేదు.

"ఏం చేశావయ్యా!" అని అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "మీరే గదా సామీ బాగుచెయ్యమంటిరి. మా ఇంట్లో చేపను బాగుచెయ్యమంటే పొలుసు తియ్యడమే. ఇంత చిన్నదానికి కత్తి ఎందుకని సన్న పట్టకారుతో ఒక్కొక్కటే తీసినా. ఆడ చూడండి, పారెయ్యలా." బల్లమీద గాజు పళ్ళెంలో, స్పిరిటులో పొలుసులన్నీ పదిలంగా ఉన్నాయి.

తప్పు ఆ మాటలో ఉంది, ఆ మాట నాది. ఈ సంగతి నాకు ఏళ్ళు గడిచాక తట్టింది కాదు, ప్రొఫెసరుగారు గదిలో అడుగుపెట్టకముందే తెలుసు. అందుకే నన్ను నేను క్షమించుకోలేను.

ప్రొఫెసరుగారు సీసా చూసి మండిపడ్డారు. "ఇతనికి నువ్వేం చెప్పావు?" అని నన్నడిగారు.

"స్పిరిటు మార్చమన్నాను సార్."

అటెండరు నావైపు చూశాడు. నేనన్న మాట ఆయన చెప్పేస్తే నా పని అయిపోయేది. చెప్పలేదు. "తప్పయిపోయింది సార్," అని తల వంచుకున్నాడు. వారం తిరక్కుండా పనిలోంచి తీసేశారు.

వెళ్ళే రోజు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "సారుతో ఒక్క మాట చెప్పండి సామీ, నేను కావాలని చెయ్యలేదని." రేపు చెబుతానన్నాను. ఆ రేపు రాలేదు. రాకపోవడమేమిటి నా మొహం, నేనే రానివ్వలేదు.

పళ్ళెంలో పొలుసులు లెక్కపెట్టాను. ముప్పై. ఒక్కటీ చిరగలేదు. వీపుమీద అవి అంటుకునే బుడిపెలూ పదిహేను జతలే. విడిగా ఉండటంతో ఒక్కో పొలుసు అంచున ఉన్న నూగు, పైనున్న మొటిమలు మైక్రోస్కోపులో చక్కగా కనిపించాయి. పురుగు పేరు తేలింది. "పాడైపోయినదాన్ని నిలబెట్టావయ్యా," అని ప్రొఫెసరుగారు భుజం తట్టారు. సిగ్గులేకుండా థాంక్స్ చెప్పాను. సీసాకు కొత్త చీటీ అంటించి, గుర్తించినవారు అన్నచోట నా పేరు రాసుకున్నాను.

రెండేళ్ళ తర్వాత వ్యాసర్పాడి రైలు యార్డు దగ్గర ఆయన కనిపించాడు, వీపుమీద బస్తాతో. తప్పుకోబోయాను. ఆయనే కేకేశాడు.

"సామీ! ఆ పురుగుకు పేరు దొరికిందా?"

"దొరికింది."

"పొలుసులు ఎన్ని లెక్క తేలినాయి?"

"ముప్పై."

బస్తా దించాడు. మొహం విప్పారింది. "నేనూ ముప్పై అనే ఎంచినా! పని పోయినా నేను బాగానే బాగుచేసినానని మా ఆడదానితో ఎన్నిసార్లు చెప్పినానో. అది నమ్మదు సామీ, ఏందో చెరుపు పని చేసినాననుకుంటాది. మీరొక్క మాట చెప్తే నమ్ముతాది. ఇల్లు ఈడనే, వస్తారా?"

"ఇప్పుడు తొందర. రేపు వస్తాను," అన్నాను.

"సరే సామీ," అంటూ ఆయన బస్తా ఎత్తుకున్నాడు. "అట్లయితే రేపు ఇంట్లో చేపలు వండొద్దని చెప్తా. మీకు పడదు గదా."