ఎక్స్‌రేలో పడ్డ మచ్చ

మొన్న పొద్దున మనుమరాలు ఇంటర్ పుస్తకం ముందటేసుకుని పైకి చదువుతుంటే, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్న. ఎలక్ట్రాన్లట, కంటికి ఆననంత చిన్నవట, మహా జోరుగా ఉరికిపోయి లోహపు దిమ్మెకు గుద్దుకుంటే ఆ దెబ్బకు ఎక్స్‌రేలు పుడతాయట. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఆ సంగతి ఎప్పుడో తెలుసంటే పిల్ల నవ్వింది. ఎట్ల తెలుసో దానికి చెప్పలేదు, మీకు చెబుతున్న.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, మేమప్పుడు నెక్కొండలో ఉండేవాళ్లం. మిరప కల్లం ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెల్లబారిన తాలుకాయ ఏరినన్ని రోజులు ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ దగ్గే. అందరిదీ తగ్గింది గాని నాది నెల దాటినా తగ్గలేదు. ఒళ్లో ఎనిమిది నెలల ఆడపిల్ల, పాలు తాగే బిడ్డ. దాన్ని మా పెద్ద తోడికోడలికి అప్పజెప్పి, అత్తతో రైలెక్కి వరంగల్ దవాఖానకు పోయిన. ఎక్స్‌రే తీసే ఆయన ముసలి సాయిబు, నిదానస్తుడే గాని బయట తీర్థమంత జనం. రవిక తీసి, మెడ దగ్గర ఇంత వెడల్పున్న దవాఖాన అంగీ తొడుక్కొమ్మన్నరు. పరాయి మగాయన ముందర అట్ల నిలబడేటందుకు సిగ్గై, నడుం దిగే నా లావు జడను భుజం మీదుగా ముందటికి లాగి ఎద మీద కప్పుకున్న. చీకటి గది, చల్లటి పలక, ఊపిరి పట్టుమన్నడు, అయిపోయింది.

డాక్టరు ఆ ఫోటోను వెలుగుకు పట్టి చూసి, ఊపిరితిత్తి పైభాగాన మచ్చ ఉన్నది, టీబీ అన్నడు. తెమడ పరీక్షలో ఏమీ లేకున్నా ఫోటో అబద్ధమాడదన్నడు.

ఆ సాయంత్రమే నా పక్క వడ్ల కొట్టులో వేసిన్రు. పళ్లెం వేరు, చెంబు వేరు, రోజూ సూది, గుప్పెడు గోలీలు. తలుపుకు గొళ్లెం పెట్టలేదు, అబద్ధమెందుకు. గడప దాటితే బిడ్డకు అంటుతదన్న ఒక్క మాటతోటే నేను కదల్లేకపోయిన. బిడ్డ ఏడిస్తే నా రవిక తడిసేది. కిటికీలోంచి చూస్తే వాకిలి అవతల తోడికోడలి చంకలో దాని నెత్తి మాత్రం కనపడేది. ఆమెకు పిల్లల్లేరు, బర్రెపాలు గిన్నెతో పట్టి, జోకొట్టి పండబెట్టేది. మొదటి వారం గుక్కపట్టి ఏడ్చిన పిల్ల రెండో నెలకు ఏడుపు మానింది. ఏడ్చిననాడు గోసే, ఏడవనినాడు అంతకన్న గోస. నా పాలు కూడా ఆగిపోయినయి.

మూడు నెలలకు మళ్లా ఫోటో. తల దువ్వే ఓపిక లేక ఈసారి జుట్టంతా నెత్తిమీద ముడేసుకుని పోయిన. దగ్గు కల్లం రోజులు పోంగనే ఎప్పుడో తగ్గింది, ఇప్పుడు మచ్చా లేదు. మందు పనిచేసిందని డాక్టరు మురిసిండు. ముసలి సాయిబు మాత్రం పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పట్టుకుని చానాసేపు చూసి నన్ను పిలిచిండు.

"బిడ్డా, అప్పుడు జడ ముందటేసుకున్నవా?"

తలూపిన. మచ్చలో సన్నగా అల్లిక గీతలు చూపించిండు.

"గొట్టం లోపట ఎలక్ట్రాన్లు ఉరికిపోయి గట్టి దిమ్మెకు గుద్దుకుంటయమ్మా. ఆ దెబ్బకు ఈ కిరణం పుట్టి మనిషిలకెళ్లి పోతది. ఎముక అడ్డమొచ్చినా నీడే, లావు జడ అడ్డమొచ్చినా నీడే. దానికేం తెలుస్తది, చూసుకోవాల్సింది నేను. జర మాఫ్ చెయ్యి."

ఆయనే పోయి డాక్టరుకు చెప్పి మందులు బందు పెట్టించిండు.

నెక్కొండల రైలు దిగినంక, తోడొచ్చిన మా అత్త అన్నది, "కోడలి జడకు టీబీ అయిందని ఊర్ల ఎట్ల చెప్పాలెనే, నవ్వి చస్తరు." నాకు నవ్వు రాలేదు. ఇల్లు చేరేదాకా ఉరికిన.

"తీస్కో చెల్లే, నీ పిల్ల నీకు" అని తోడికోడలు బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పిల్ల నా మొహం చూసి బెదిరి ఆమె కొంగు వదల్లేదు. ఆమె కొంగు విడిపించుకుని లోపలికి పోయి ఏడ్చింది, నేను వాకిట్లో ఏడ్చిన. పది రోజులకు నా దగ్గరికి రావడం మరిగింది గాని, అమ్మ అన్నది మాత్రం ఆమెనే. కల్లంలో కూలీలు పిలిచినట్లు నన్ను చిన్నమ్మ అనేది. దిద్దబోయి, తోడికోడలి మొహం చూసి ఊకున్న.

ఇప్పుడు ఫోటో అర నిమిషంలో కంప్యూటర్ల పడుతది. అనుమానమొస్తే మళ్లొకటి తియ్యమని నిన్నమొన్నటి ఆడపిల్లలే డాక్టరును నిలదీస్తున్నరు. చూస్తే సంతోషమైతది. మన కాలంలో ఇంకొక్కసారి చూడండని అడగొచ్చని నాకూ తెల్వదు, మా అత్తకూ తెల్వదు. ఎవరి మీదా కోపం లేదు. నిరుడు తోడికోడలు పోయిననాడు నా బిడ్డ ఆమె కాళ్ల మీద పడి అమ్మా అని ఏడుస్తుంటే, వీపు నిమురుకుంటూ పక్కనే కూసున్న. దూరపు చుట్టమొకామె నన్ను చూసి ఈమె ఎవరని అడిగితే, బిడ్డ ఆ ఏడుపులోనే మా చిన్నమ్మ అన్నది.