కణితి ఈడ్చిన కాలు

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా కొండకు తేనె, కుంకుడుకాయలు తెచ్చే చెంచు పెద్దాయన. సాయంత్రం పూట నేను వాగులో మా బంగళాకు వచ్చిన చుట్టాల దుప్పట్లు ఉతుకుతా ఉన్నాను. పైన తుపాకి పేలిన చప్పుడు అంతకు ముందే విన్నాను. మామిడితోపులో కోతుల్ని బెదిరించడానికి కావలి మనిషి అప్పుడప్పుడు పేల్చేవాడు. అదే అనుకొని నా పని నేను చేసుకుంటా ఉన్నాను. ఆయన వాగు గట్టున నిలబడి, విల్లు భుజం మీంచి దించి నేల మీద పెట్టినాడు.

"తల్లీ, మీ చిన్నత్త నీళ్లు పోసే కణితిని, ఆ కుంటి పెద్ద దుప్పిని, తుపాకితో కొట్నారు" అన్నాడు.

"యాడ?"

"నీళ్ల కాడనే. మూతి తొట్లో ఉండంగానే."

నా చేతిలో దుప్పటి నీళ్లలో కొట్టుకుపోతా ఉంటే ఆయనే దిగి పట్టుకున్నాడు. "మేమూ కొడతాం తల్లీ, తింటాం. లేదని అనను. నీళ్ల కాడ మాత్రం కొట్టం. మా తాతలు కూడా కొట్టలేదు" అని, విల్లు ఎత్తుకొని అడవిలోకి పోయినాడు.

దేవుడు ఇచ్చిన ప్రతిదానికీ దండం పెట్టుకొని బతికిన మనిషిని నేను. ఒక పూట గంజి దొరికినా, ఒక చుట్టం నవ్వుతా పలకరించినా, పడుకోబోయే ముందు తలుచుకొని చేతులు జోడించే అలవాటు. కోపాన్ని మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు. అయినా ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నేను మొక్కుకోనూ లేదు.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. అహోబిలం కొండల అవతల మా వాళ్లకు పశువుల మంద ఉండేది. ఎండాకాలం కిందున్న చేలల్లో గడ్డి ఎండిపోతే ఆవుల్నీ ఎద్దుల్నీ పైకి తోలుకొనిపోయి, వానలు పడినాక దించేవాళ్లు. కొండ మీది ఆ పశువుల దొడ్డి చూసుకొనేది మా ఇంటాయన. ఆయనతో నేను, మాతో మా చిన్నత్త. చిన్నత్త అంటే మా మామ తమ్ముని భార్య. ఆ చిన్నమామ పోయి అప్పటికి శానా కాలమైంది. ఒక ఎండాకాలం తప్పిపోయిన ఎద్దును వెతుకుతా పోయి, చుక్క నీరు దొరక్క, వడదెబ్బకు అడవిలోనే పడిపోయినాడు. ఆయన పడిన చోట ఊట ఎండి, అడుగున తేమ ఒక్కటే మిగిలిందంట. అప్పటినుంచి చిన్నత్త అహోబిలం స్వామి సన్నిధిలో ఒక మాట పెట్టుకొంది. ఉగాది మొదలు తొలకరి పడేదాకా, నోరులేని జీవాలకు నీళ్లు పోస్తానని. దొడ్డికి దూరంగా ఒక పాత రాతి తొట్టి ఉండేది. రోజూ వాగునుంచి కడవలు మోసి దాన్ని అంచుదాకా నింపేది. ఒక్క రోజు తప్పలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా నా భుజం పట్టుకొని నడిచి, చివరి చెంబు తన చేత్తోనే పోసింది.

ముగ్గులు వేయడంలో ఆమె చేయి ఎట్లాంటిదో చెప్పడానికి నాకు మాటలు లేవు. కానీ భర్త పోయిన మనిషి వాకిట ముగ్గు వేయకూడదు కదా! ఆ చేతిని వాకిటినుంచి తరిమినారు. ఆమె పోట్లాడలేదు. తొట్టి చుట్టూ పరిచిన నాపబండల మీద వేసుకొనేది. అవి చుక్కల ముగ్గులూ కావు, పద్మాలూ కావు. బండల అవతల వాగు ఇసక చల్లి సాయంత్రం చదును చేసేది. పొద్దున్నే వంగి, ఎవరెవరు వచ్చి తాగిపోయినారో ఆ అడుగులు చూసి, సుద్దపిండితో, ఎర్రమన్నుతో ఆ అడుగుల్నే బండల మీద దించేది. వచ్చిన అడుగులు తెల్లగా, పోయిన అడుగులు ఎర్రగా. దుప్పిది చింతగింజ బద్దలు రెండు పక్కపక్కన పెట్టినట్టు. నెమలిది మూడు గీతలు. ఏదుపంది నడిస్తే వెనక ముళ్లు ఈడ్చిన సన్నని గీరలు కూడా వదిలేది కాదు.

"ఇదేం ముగ్గు చిన్నత్తా, చూసినోళ్లు నవ్వరా?" అని మొదట్లో నేనే అన్నాను.

"కృష్ణాష్టమికి పిల్లోని పాదాలు వేస్తాం కదమ్మే, రమ్మని పిలిచి. పిలవకనే వచ్చినోళ్ల పాదాలు వేస్తే తప్పేముండాది?" అంది.

వాటన్నిట్లో ఒక కణితి ఉండేది. కణితి దుప్పి కులమే గానీ ఎద్దు ఎత్తు ఉంటుంది. ఇది ఆడది. ఎప్పుడో ఉచ్చులో పడి తప్పించుకొన్నట్టుంది, ఎడమ వెనక కాలు ఈడ్చేది. ఇసకలో మూడు గిట్టలు, ఒక గీత. మూడు గిట్టలు, ఒక గీత. చిన్నత్త ఆ గీతను వేలితో ఒక్క లాగు లాగేది. చూస్తే మన కాలే నొప్పి పుట్టేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తాండాయని, ఆఫీసర్లు ఎండకు మాడిపోతాండారని చెప్పుకొనేవాళ్లు. మా బావ, అంటే మా ఇంటాయన అన్న, ఎలక్షన్లో నిలబడాలని తిరుగుతా ఉన్నాడు. పెద్దవాళ్లు గాలిమార్పుకు వచ్చి ఉండేదానికి దొడ్డి దగ్గరే నాపరాళ్ల బంగళా కట్టించినాడు. మిద్దె మీద మడత కుర్చీలు, తాగడానికి కూజాలో నీళ్లు, తినడానికి కోడికూర, రాగిసంగటి. పొద్దు వాలేటప్పుడు కుర్చీల్లో కూర్చుంటే కనిపించేది మా చిన్నత్త తొట్టే. "మా కొండకు రండి, అడవి మీ ముందుకే వస్తాది" అని బావ పిలిచేవాడు. వచ్చేది అడవి. రప్పించేది చిన్నత్త కడవలు. ఆ మాట ఆయన ఏ చుట్టానికీ చెప్పలేదు.

చిన్నత్త బావను ఒక్కటే అడిగింది. "చూసుకోండప్పా, కళ్లతో చూసేదానికి పన్నేమీ లేదు. తుపాకి మాత్రం ఈ పక్కకు తేవద్దు." బావ అందరి ముందర తల ఊపినాడు. నేనూ చూసినాను.

ఆ వైశాఖంలో ఒక బొమ్మలాయన వచ్చినాడు. ఎవరో పెద్ద ఆఫీసరుకు బామ్మర్ది, రంగులతో పటాలు వేసేవాడు. మెత్తగా మాట్లాడే మనిషి. పొద్దున్నే తొట్టి దగ్గరికి వచ్చి, చిన్నత్త గీతల్ని చూసి నిలబడిపోయినాడు. చిన్నత్త కొంగు తలమీదికి లాక్కొని పక్కకు పోయింది. ఆయన నన్ను అడిగినాడు.

"ఇవేమిటండీ, అమ్మగారూ? ఎవరు వేస్తారు?"

నాకు సంతోషం పొంగింది. నాయన ఇంట్లో ఇసకలో దిద్దించిన అక్షరాలే నా చదువు. చదువుకొన్న మనిషి వచ్చి మా బండల ముందు చేతులు కట్టుకొని నిలబడితే ఎట్లుంటుంది? అన్నీ విప్పి చెప్పినాను. ఇది నెమలి, ఇది ఎలుగు, ఇది మా కుంటి కణితి. ఏ పక్కనుంచి దిగుతుంది, ఎదురుగా ఉన్న బండగుండు సాయంత్రం ఎండకు ఎర్రబడేటప్పటికి ఎట్లా వస్తుంది, తాగేటప్పుడు ఎంతసేపు తల ఎత్తదు, అంతా. ఆయన పుస్తకంలో గీసుకొంటా, "ఎంత గొప్ప చెయ్యండీ!" అన్నాడు. ఆ రాత్రి దేవునికి దండం పెట్టుకొన్నాను, చిన్నత్త చేతిని మెచ్చుకొన్న మనిషిని పంపినందుకు.

దండం పెట్టుకొన్నాను! ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ముఖం మండుతుంది.

రెండు సాయంత్రాలు ఆయన మిద్దె మీద రంగులు ముందర పెట్టుకొని కూర్చున్నాడు. కణితి వచ్చింది, తాగింది, పోయింది. "కదలకుండా ఉంటే గాని ఆ వెంట్రుక తీరు అందదండీ" అని బావతో అన్నాడంట. ఆయన అడిగింది అంతే. మూడో నాడు మా ఇంటాయన తవుడు తేవడానికి ఆళ్లగడ్డ పోయినాడు. నన్ను దుప్పట్లు ఉతకమని వాగుకు పంపినారు. చిన్నత్త తొట్టి నింపి వచ్చి దేవుని గూటి ముందర కూర్చొంది. తొట్టిలో నీళ్లు ఆమె పోసినవే. ఏ పక్కనుంచి వస్తుందో చెప్పింది నేను. తుపాకి బావది. బొమ్మలాయన చేతికి మట్టి అంటలేదు.

తెల్లవారి చూసిందాన్ని నేను ఎట్లా రాయను? ఆ కణితిని తొట్టి దగ్గర నిలబెట్టినారు. బిగుసుకొని పోయింది గదా, కడుపు కింద పంగల కర్రలు ఊతంగా పెట్టి, తల తొట్టి మీదికి వంచి తాడుతో కట్టినారు. ఈడ్చే కాలును తిన్నగా లాగి రాళ్లతో నిలిపినారు. బొమ్మలాయన ఎదురుగా గొడుగు కింద కూర్చొని రంగులు కలుపుతా ఉన్నాడు. పొద్దెక్కేకొద్దీ ఈగలు. బావ వంటింటి గడప దగ్గరికి వచ్చి, "ఏమమ్మా, సాంబ్రాణి ఉంటే ఇయ్యి, వాసన వస్తాండాది, ఆయనకు ఇబ్బంది" అన్నాడు.

అది దేవుని సాంబ్రాణి. ఇచ్చినాను. ఇంటికి పెద్ద అడిగితే కాదనే నోరు నాకు లేదు ఆ రోజుల్లో.

చిన్నత్త వచ్చింది. ఏడవలేదు. ఇసకలో వంగి చూసింది, రోజూ చూసినట్టే. సుద్దపిండి తీసుకొని బండ మీద వేసింది. మూడు గిట్టలు, ఒక గీత. మూడు గిట్టలు, ఒక గీత. తెల్లవి, తొట్టిదాకా. ఎర్రమన్ను గిన్నె ముట్టుకోలేదు. వచ్చిన అడుగులు ఉన్నాయి, పోయిన అడుగులు లేవు.

బొమ్మలాయన కుంచె ఆపి అటే చూస్తా ఉండిపోయినాడు. బావకు అది నచ్చలేదు. "ఏమమ్మా, అది తుడిపేయి. చుట్టం ముందర ఈ అపశకునమేంది?" అని నాతో అన్నాడు.

అప్పుడు చిన్నత్త నోరు తెరిచింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

"ఏమప్పా, నీ ఇంటికొచ్చినోళ్లకు నీళ్లిచ్చి గొంతు కోస్తావా?"

"మీరు ఊరుకోండి చిన్నమ్మా. అతిథి అడిగినాడు. కాదంటే మన మర్యాద ఏమైతాది?"

"ఇద్దరూ అతిథులే కదప్పా. ఒకరు కుర్చీలో కూర్చున్నారు, ఒకరు తొట్టి కాడ నిలబడినారు. కుర్చీ లేనోళ్లను కొట్నావు."

"ఒక అడవి మెకం కోసం ఇంత రాద్ధాంతమా? అడవిలో ఇంకోటి లేదా?"

"ఉండాది. దానికీ దప్పికయితాది. అది వస్తే నేను పోసిన నీళ్లు నీళ్లా, ఎరా? నువ్వే చెప్పు."

ఆయన నావైపు తిరిగి, "చెప్పింది వినపడలేదా?" అన్నాడు. చీపురు తీసుకొని తుడిపింది నేనే. చిన్నత్త చూస్తా ఉండగానే తుడిపినాను. బావ మీద కోపాన్ని ఎంత రాసినా ఇది రాయకుంటే అబద్ధమే అవుతుంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కణితిని తీసినాక తొట్టి అడుగున ఉన్న గుడ్డ బిరడా పీకి, నీళ్లన్నీ ఇసకలోకి వదిలేసింది. మాట తప్పుతుందేమో, వ్రతం ఆగిపోతుందేమో అని భయపడినాను. తొలకరికి ఇంకా ఎన్ని ఎండలో! ఆమెకు ఆ వ్రతం తప్ప వేరే ఆస్తి లేదు. భర్తకు అందని చెంబెడు నీళ్లు ఆమె ఆ తొట్టిలోనే పోస్తూ వచ్చింది.

మరునాడు పొద్దున్నే కడవ ఎత్తుకొని తొట్టి దాటి పోయింది. నేను వెంట పడినాను. చెంచు గూడెం దాటి, రెండు గుట్టల మధ్య ఒక బండలో సహజంగా ఏర్పడిన గుంత ఉంది. చెంచు పెద్దాయన చూపించినాడంట. అక్కడికి దారి లేదు, కుర్చీ పోదు. చిన్నత్త ఆ గుంతలో కడవ వంచింది. తొలకరి దాకా రోజూ ఆ రాళ్లలో పోయింది, పాదాలు పగిలినా సరే. నేనూ మోసినాను. వద్దనలేదు ఆమె. అదే నన్ను క్షమించడం అనుకొన్నాను, స్వామికి దండం పెట్టుకొన్నాను. అక్కడ ఇసక చదును చేయలేదు. ఎవరు వచ్చినారో చూడలేదు. ఆ చేయి మళ్లీ పిండి పట్టలేదు, తాను కన్నుమూసే దాకా.

తొట్టి ఎండినాక మిద్దె మీద కూర్చొనేవాళ్లకు చూడడానికి ఏమీ లేకపోయింది. రెండు ఎండాకాలాలకే బంగళాకు చుట్టాలు రావడం మానేసినారు. "అడవి చెడిపోయింది" అని బావ అనేవాడు.

పటం మాత్రం చెడిపోలేదు. బొమ్మలాయన దాన్ని అద్దం కట్టించి బావకు బహుమానంగా పంపినాడు. కింద పల్లెలో మా ఇంటి హాల్లో చాలా ఏళ్లు వేలాడింది. కణితి తొట్టిలో మూతి పెట్టి తాగుతా ఉంటుంది. వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ, "ఎంత ప్రాణం ఉందో చూడండి బొమ్మలో!" అనేవాళ్లు. నేను మంచినీళ్లు అందిస్తా ఆ మాట వింటా ఉండేదాన్ని. పంగల కర్రలు ఆయన వేయలేదు. ఈగలు వేయలేదు. నాలుగు కాళ్లూ నిటారుగా, ఒక్క మచ్చ లేకుండా నిలబెట్టినాడు. ఆ కణితి ఎన్నడూ అట్లా నిలబడలేదు.

ఆ పటం ఇప్పుడు ఎవరింట్లో ఉందో నాకు తెలియదు. ఎక్కడైనా మీ కంట పడితే మెచ్చుకోండి, వద్దనను, రంగులు బాగుంటాయి. కానీ ఆ ఎడమ వెనక కాలు చూడండి. చూసి, వాకిట్లో ముగ్గు వేసే హక్కు లేని చేత్తో ఆ కాలు ఈడ్చుకొన్న గీతను ఉన్నది ఉన్నట్టు వేసిన మా చిన్నత్తను ఒకసారి తలుచుకోండి. అంతకంటే నేను మిమ్మల్ని ఏమీ అడగను.