హద్దు రాయి దగ్గర ఆమెన్

మా ఊరి పాస్టరయ్య మంగళవారం ఉదయం ఆరున్నరకు క్రిష్ణగిరిలో, కొడుకు ఇంట్లో చనిపోయారు. కాఫీ అడిగారు. కోడలు లోటాతో వచ్చేసరికి లేరు. బుధవారం మధ్యాహ్నం ఆయన్ను మా ఊళ్లోనే, చర్చి పక్కనున్న శ్మశానంలో సమాధి చేశారు. మత్తిగిరి దాటి అంచెట్టి వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. వచ్చినవాళ్లలో సగానికి పైగా ఎన్నడూ చర్చి గడప దాటనివాళ్లు. అయినా ఆయన ప్రసంగం విన్నవాళ్లే. బయట కిటికీ దగ్గర నిలబడి, ఏడాదికి ఒక్కసారి.

ఆ ఒక్కసారి ఎప్పుడంటే, తొలి వానలు పడ్డాక, దుక్కి మొదలయ్యే ముందు ఆదివారం. ఆ రోజు పాస్టరయ్య హద్దు రాయి గురించి చెప్పేవారు. రెండు చేలకు మధ్య ఉండే గట్టును మా వైపు గెనిమ అంటారు. ఆ గెనిమను నాగలితో ఏడాదికి ఒక చాలు చెక్కుకుంటూ పోవడం కొందరికి వ్యవసాయంలో భాగం. అందుకే ఆ ఆదివారం చర్చి లోపల కంటే బయట జనం ఎక్కువ. భుజాన తువ్వాలు, నోట్లో వేపపుల్ల.

"రాయి జరిపేదానికి సాక్షి యాడుంటాడప్పా?" అని మొదలుపెట్టేవారు. "నాగలి పట్టినోడు ఒకడు, ఎద్దులు రెండు. ఎద్దులు కోర్టుకు వస్తాయా?"

సాక్షి లేని తప్పు కాబట్టే మోషే దాన్ని శాపాల్లో చేర్చాడని ఆయన వివరించేవారు. ఏబాలు కొండ దగ్గర ఇశ్రాయేలు జనాన్నంతా నిలబెట్టి, చాటుగా చేసే తప్పులు ఒక్కొక్కటీ చదవాలి. పొరుగువాడి హద్దు రాయి తీసేవాడు శపించబడినవాడు అన్నప్పుడు జనమంతా ఆమెన్ అనాలి. పట్టుబడే దొంగకు న్యాయాధిపతి ఉన్నాడు. పట్టుబడని దొంగ తన శిక్షకు తానే ముందుగా ఒప్పుకోవాలి. ఆ నేలను చీట్లు వేసి వంశం వంశానికి పంచారు కాబట్టి రాయి అంటే వట్టి రాయి కాదు, ఒక ఇంటి భాగం. గెనిమ మీద నిలబడి అరిచే మగదిక్కు లేని ఇంటికి, విధవరాలికి, తల్లిదండ్రులు లేని పిల్లలకు, ఆ రాయే దిక్కు.

ఈ వైపు వార్తలు పత్రికకు పంపేది నేనే కాబట్టి, అలవాటు కొద్దీ తర్వాత బైబిలు తెరిచి చూసుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది, ఎద్దుల మాట తప్ప.

ప్రసంగం అయ్యాక కిటికీ దగ్గర మాటలు ఏటా ఒకేలా ఉండేవి.

"విన్నావా, నీ గురించే చెప్పినాడు."

"నా గురించా? నీ పేరు పెట్టి చెప్పలేదు కదా, దానికి సంతోషపడు."

ఒక ఏడాది నాబోతు కథ ఎత్తుకున్నారు. రాజుగారి కోట పక్కనే నాబోతుకు ద్రాక్షతోట ఉంది. రాజు దాన్ని అడిగాడు, బదులుగా అంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు. పెద్దల నుంచి వచ్చిన నేల ఇవ్వనన్నాడు నాబోతు. కిటికీ దగ్గర హోసూరు నుంచి వచ్చిన ఒక ప్లాట్ల బ్రోకర్ నిలబడి ఉన్నాడు. ఆగలేక లోపలికి తల పెట్టి అడిగాడు: "ఇంకా మంచి తోటే ఇస్తానంటే ఎందుకు ఒప్పుకోలేదు సామీ? మంచి డీల్ కదా అది!" చర్చి అంతా నవ్వింది. పాస్టరయ్య నవ్వలేదు. "నీలాంటోడు ఆ ఊర్లో లేకపోబట్టే నాబోతు కథ బైబిల్లోకి వచ్చింది నాయనా" అన్నారు.

ఆమెన్ పరీక్ష మొదలైంది ఇద్దరు అన్నదమ్ముల తగాదాతో. రాయి నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని ఏడాదిగా కొట్లాట. పాస్టరయ్య ఇద్దరినీ రాయి దగ్గరికి తీసుకుపోయి, శాపం చదివి, ఆమెన్ చెప్పమన్నారు. తమ్ముడు చెప్పాడు. అన్నకు దగ్గు వచ్చింది. నీళ్లు తాగించారు, మళ్లీ దగ్గు. మర్నాడు ఉదయానికి రాయి దానంతట అదే పాత చోటికి వచ్చి నిలబడింది.

అప్పటినుంచి అదొక ఆచారమైంది. బైబిలు అట్ట కూడా చూడనివాళ్లు గెనిమ మీద నిలబడి "ఆమెన్ చెప్పప్పా, చూస్తాము" అనేవాళ్లు. పాల కేంద్రంలో నీళ్లు కలపలేదని ఒట్టేసేవాడితో కూడా ఆమెన్ చెప్పించేవాళ్లు. దీనివల్ల తగాదాలు తగ్గాయనడానికి నా దగ్గర లెక్కలేమీ లేవు. దగ్గు మందు బాగా అమ్ముడవుతోందని మందుల షాపాయన నాతో అన్నాడు. ఆయన మాటను వార్తగా తీసుకోలేదు.

పాస్టరయ్య పాత మోపెడ్ మీద తిరిగేవారు. రాగిపిండి సంచిలో బైబిలు పెట్టి హ్యాండిల్‌కు తగిలించుకునేవారు. పేజీల్లో పిండి ఉండేది. చేలల్లో నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, దారిలో కనబడిన ప్రతి హద్దు రాయినీ దూడ తల నిమిరినట్టు ఒకసారి తట్టి పోయేవారు. ఎవరైనా రాయి మీద కూర్చుంటే లేపేవారు. "అది కుర్చీ కాదప్పా. పెద్దమనిషి."

ఇక ఆయన సొంత రాయి సంగతి.

ఆయనకు తండ్రి ఇచ్చిన చిన్న రాగిచేను ఉంది. దాని పక్క చేను నారాయణమ్మది. భర్త పోయి చాలా ఏళ్లయింది. గొర్రెలు మేపుతుంది, రాగి పండిస్తుంది, ఎవరికీ భయపడదు. రెండు చేల మధ్య హద్దు రాయిని ఒకసారి దుక్కికి వచ్చిన ట్రాక్టర్ గుద్దింది. రాయి రెండు ముక్కలైంది. దాంతోపాటు గెనిమ కూడా చదునై, రాయి ఉన్న గుంత ఆనవాలు లేకుండా పోయింది. అప్పుడు నారాయణమ్మ కోలారులో కూతురి కాన్పు దగ్గర ఉంది.

పాస్టరయ్య కొడుకు బర్గూరులో గ్రానైట్ కంపెనీలో పనిచేస్తాడు. నాన్న చేలో రాయి విరిగిందని విని, ఆదివారం నున్నగా పాలిష్ చేసిన నల్లరాయి ఒకటి వ్యాన్‌లో వేసుకొచ్చాడు. ఎక్కడ పాతాలి? బండిబాట అవతల ఉన్న పాత సర్వే రాయికీ తమ రాయికీ వరుస ఒకటేనని ఊళ్లో పాతవాళ్లందరికీ తెలుసు. అటు నుంచి తాడు లాగి, ఆ వరుసలో తండ్రీకొడుకులు కొత్త రాయి పాతారు. పని శ్రద్ధగా చేశారు. తాడు వంకర పోకుండా పాస్టరయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశారు.

ఆ సర్వే రాయే పాత చోట లేదని వాళ్లకు తెలియదు. బాట అవతల చేను అప్పటికి లేఔట్ అయింది. నాబోతు డీల్ గురించి అడిగిన బ్రోకరే దాన్ని ప్లాట్లు చేశాడు. ఒక మూల ప్లాటు చాలక, ఆ సర్వే రాయిని పీకి నాలుగడుగులు పక్కకు జరిపి, తెల్లరంగు వేసి, తలకు ఎర్రరంగు పూశాడు. ఆ లేఔట్ ప్రారంభానికి పాస్టరయ్యనే ప్రార్థనకు పిలిచాడు. ఆయన అలవాటు ప్రకారం హద్దు రాయి శాపం చదివారు. అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది ఆ బ్రోకరే. దగ్గలేదు, గొంతు కూడా సవరించుకోలేదు.

నారాయణమ్మ కోలారు నుంచి వచ్చి చేను చూసుకుంది. నేరుగా చర్చికి వచ్చింది.

"పాస్టరప్పా, నా చేను చిక్కిపోయినట్టుందే. నేను లేనని బెంగ పెట్టుకున్నిందా?"

"రాయి విరిగింటే కొత్తది పాతినామమ్మా. తాడు కట్టి పెట్టినాము. వెంట్రుకంత తేడా లేదు."

"తాడు సంగతి నాకెందుకు? రాయికాడికి రా. ఆమెన్ చెప్పు."

ఆయన వెళ్లారు. శాపం తనే చదివారు. రాయి మీద చెయ్యి పెట్టి గట్టిగా ఆమెన్ అన్నారు. నారాయణమ్మ ఇంకేమీ అడగకుండా ఇంటికి పోయింది. అంత నమ్మకం ఆయన మాట మీద.

మరుసటి ఏడాది లేఔట్‌లో ఇల్లు కట్టబోయినవాళ్ల కాంపౌండ్ గోడ సరిపోక కొలతలు తీశారు. బ్రోకర్ బాగోతం బయటపడింది. అతను దొరకలేదు కానీ సర్వే రాయి పాత చోటికి చేరింది. పాస్టరయ్య గెనిమ మీద నిలబడి అటు చూశారు, ఇటు చూశారు. ఆయన పాతిన నల్లరాయి నారాయణమ్మ చేలో, వరుస తప్పి, ఒంటరిగా మెరుస్తూ ఉంది. విధవరాలి చేలోకి రాయి జరిపినవాడి మీద శాపం చదివి, దానికి తానే ఆమెన్ చెప్పుకున్నారు.

ఆ వారం నేను ఆయన్ను కలిశాను. తెలియక చెప్పిన ఆమెన్ చెల్లుతుందా అని అడిగాను.

"తెలియక చేసిన తప్పుకు కూడా గొర్రెను బలి ఇయ్యాలని ధర్మశాస్త్రంలో ఉండాది కదప్పా" అన్నారు దిగులుగా.

నారాయణమ్మ అక్కడే ఉంది. "గొర్రెలు నాకు శానా ఉండాయి. నా నాలుగడుగులు ఇయ్యి, చాలు."

"ఇప్పుడే పీకి పెడతాను పదమ్మా! నాలుగు కాదు, ఆరు అడుగులు జరుపుతాను. అనుమానమే వద్దు."

"అయ్యో, వద్దు వద్దు! రెండడుగులు ఎక్కువొస్తే ఆ శాపం నాకు తగులుతాది. మీ దేవుని శాపం మోసేదానికి నాకేం పని? ఒకసారి తాడు కట్టినావు, అయింది. ఇంక సర్కారు మనిషి రానీ. ఆయన కొలిచినాకే రాయి లెయ్యాల."

 ఎక్కువ ఇవ్వడం కూడా హద్దు తప్పడమేనని పాస్టరయ్య ఎన్నడూ ప్రసంగంలో చెప్పలేదు. ఆ పాఠం గొర్రెలు మేపే ఆమె నుంచి వచ్చిందని నాతో మూడు నాలుగుసార్లు అన్నారు. మెచ్చుకోలుగానే అనేవారు, కొంచెం ఉక్రోషం కూడా ఉండేది.

సర్వేకు అర్జీ పెట్టారు. సర్వేయర్ ఒక్కరు, ఊళ్లు చాలా. ఒకసారి ఆయనకు ఎన్నికల పని పడింది. ఒకసారి వచ్చారు కానీ వాన మొదలైంది. ఒకసారి అంతా కుదిరింది, కొలిచే యంత్రంలో చార్జ్ లేదు. పాస్టరయ్య మోపెడ్ మీద తాలూకా ఆఫీసుకు పోయి బెంచీ మీద కూర్చుని వచ్చేవారు. అక్కడ పక్కన కూర్చున్నవాళ్ల హద్దు తగాదాలు విని తీర్పులు చెప్పేవారు. తన సంగతి అడిగితే మాత్రం "నాది కొంచెం కష్టమైన కేసప్పా, నేనే ముద్దాయి" అనేవారు.

ఆ ఏడాది నుంచి హద్దు రాయి ప్రసంగం ఆగిపోయింది. తొలి వానల తర్వాతి ఆదివారం కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లు వేరే వాక్యం విని, నిరాశగా వేపపుల్ల ఉమ్మి వెళ్లిపోయేవాళ్లు. గెనిమలు మళ్లీ సన్నబడుతున్నాయని ఒకాయన నాతో ఫిర్యాదు చేశాడు. ఆయనే చెక్కుతున్నాడని ఆయన పక్క చేనాయన చెప్పాడు. నేను ఇద్దరి మాటా రాసుకుని ఊరుకున్నాను. పాస్టరయ్యకు ఈ సంగతి చెప్తే, "రాయి సరైన చోటికి పోనీ, దాని మీద చెయ్యి పెట్టి ఇంకోసారి ఆమెన్ చెప్పుకుంటాను. ఆ తర్వాతే నోరు తెరుస్తాను. అంతవరకు దేవుడు నన్ను ఉంచితే చాలు" అన్నారు. ఆరోగ్యం పాడై కొడుకు దగ్గరికి క్రిష్ణగిరికి వెళ్లేటప్పుడు కూడా సర్వేయర్ నంబరు ఫోన్లో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు.

సర్వే తేదీ వచ్చే వారం గురువారానికి ఖరారైందన్న మెసేజ్ ఆయన ఫోన్‌కు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి ఆయన ఫోన్ కొడుకు జేబులో ఉంది.

సమాధి అయ్యాక కొడుకు నేరుగా చేను దగ్గరికి నడిచాడు. చేతిలో గడ్డపార. నారాయణమ్మ అడ్డం నిలబడింది.

"ఏం పని నాయనా అది?"

"నాన్న ఈ రాయి బాధతోనే పోయినాడమ్మా. ఇప్పుడే పీకేస్తాను."

"మీ నాయన ఇన్నేండ్లు ఓర్చుకున్నాడు, నువ్వు వచ్చే గురువారం దాకా ఓర్చుకోలేవా? గడ్డపార ఆడ పెట్టు."

అతను పెట్టాడు. నారాయణమ్మ అడిగింది: "సర్వే అయినాక ఆయన బదులు ఆమెన్ ఎవరు చెప్తారు?"

"నేను చెప్తానమ్మా."

"నువ్వు రాళ్ల కంపెనీవాడివి. రాయి కాడ నీ మాట ఎవురు నమ్ముతారు?" అంది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "నేను చెప్తాలే. పోయింది నా చేను కదా. నేను చెప్తే ఆయనకు తగలదు."

ఆమె చర్చికి ఎన్నడూ పోలేదు. అది చెల్లుతుందో లేదో చెప్పగలిగిన మనిషిని మేం అప్పుడే మట్టి చేసి వచ్చాం. అక్కడున్నవాళ్లెవరూ చెల్లదనలేదు.

ఆ సాయంత్రం కోలారు నుంచి ఆలస్యంగా వచ్చిన పాస్టరయ్య బంధువులిద్దరు చీకట్లో దారి తప్పి, చేలో నల్లరాయి చూసి అదే సమాధి అనుకుని, పూలదండ వేసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. దండ ఇప్పటికీ దాని మీదే ఉంది. గురువారం దాకా రాయిని తాకకూడదని నారాయణమ్మ చెప్పింది కాబట్టి ఎవరూ తీయలేదు. రెండు వైపులా దుక్కి అయింది. రాయి చుట్టూ మాత్రం నాగలి తగలని గడ్డి మోకాలెత్తు ఉంది.

సర్వేయర్ గురువారం పదకొండు గంటలకు వస్తారు. కొడుకు బర్గూరులో సెలవు పెట్టాడు. యంత్రం చార్జ్ పెట్టి తెస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు. నేల పదును ఆరకపోతే శుక్రవారం నారాయణమ్మ రాగి చల్లుతుంది.