తుడిచేసిన వంతుల బోర్డు

2006 యాసంగి పంట కాలం. బాన్సువాడ బస్టాండు పక్కన నాకు చిన్న కంప్యూటర్ దుకాణం ఉండేది. ప్రోగ్రాములు రాయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గ్రంథాలయంలో ఇంగ్లిషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఆ గర్వం కొంచెం ఎక్కువే ఉండేది.

బిచ్కుంద వైపు ఒక ఊళ్లో నీటి సంఘానికి ఎక్సెల్ యాడ్-ఇన్ చేసిచ్చాను. యాడ్-ఇన్ అంటే ఎక్సెల్‌కు మన అవసరం కొద్దీ తగిలించే చిన్న ప్రోగ్రాం. బటన్ నొక్కితే, ముందే అందులో ఎక్కించిన పొలాల వివరాలను బట్టి ఏ పొలానికి కాలువ నీళ్లు ఏ రోజు, ఏ గంటకో జాబితా వస్తుంది. అంతవరకు ఆ వంతులను ఆఫీసు గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో రాసేవారు. "ఇగ సుద్దతో పనిలేదు" అని ఫోనులో నేనన్న మాట నమ్మి, గుమస్తా రాజన్న నేను చేరేసరికే బోర్డును తడిబట్టతో తుడిచేశాడు. కాగితం మీద వేరే నకలు లేదు.

ఫైళ్లు దాచే కంప్యూటర్ లోపలి గదిలో ఉంది. దానికి వైరుతో కలిపిన, ఎక్సెల్, ప్రింటర్ ఉన్న రెండో కంప్యూటర్ బయటి గదిలో. యాడ్-ఇన్‌ను లోపలి దాంట్లో పెట్టి, బయటి దాని నుంచి తెరిచాను. సెక్యూరిటీ పర్మిషన్ లేదని ఎర్రర్. మాక్రో సెక్యూరిటీ, అంటే తెలియని ప్రోగ్రాములను ఆపే కాపలా, పూర్తిగా తగ్గించాను. అదే ఎర్రర్. మూడుసార్లు తీసి మళ్లీ పెట్టాను. మధ్యాహ్నం దాటింది.

బెంచీ మీద కూర్చున్న సాయవ్వది కాలువ చివరి పొలం. వరి పొట్టకొచ్చింది. ఆ సాయంత్రం వంతు తప్పితే మళ్లీ వారానికి గాని నీళ్లు రావు.

"ఏమయింది బిడ్డా?"

"కంప్యూటర్ ఒప్పుకుంటలేదవ్వా."

"దానికి నువ్వు తెల్వకపోతే నా వరి ఎందుకు ఎండాలె?"

ఆమె తూము తలుపులెత్తే లష్కర్ గంగారాం వైపు తిరిగింది. "ఇయ్యాల నా వంతే. బోర్డు మీద నువ్వు సూడలేదా?"

"సూసిన వదినా. నువ్వు అబద్ధమాడుతున్నవని అంటలేను. గని ఆఫీసు కాయితం లేంది ఎత్తితే, రేపు ఊరంత వచ్చి నా వంతే అంటరు."

"కాయితం మీద సంతకం పెట్టే సారు నాలుగ్గంటల బస్సుకు పోతడన్నా. గాలోపల సంతకం గావాలె" అన్నాడు రాజన్న.

గంగారాంకు ఆమె తెలుసు. అయినా కాగితం అడిగాడు. కంప్యూటర్ కూడా అలాంటి కాగితమే అడుగుతోందేమో అనిపించి నా నోటుబుక్కు తీశాను. పర్మిషన్ల అధ్యాయం పెద్ద ఆఫీసుల కోసమనుకుని వదిలేసి, చివరి పేజీ మాత్రం అర్థం కాకుండానే రాసుకున్నాను. అందులో ఇలా ఉంది: వేరే కంప్యూటర్ నుంచి వచ్చే ప్రోగ్రాము పరాయిది. ఏ ఫోల్డరును నమ్మాలో విడిగా ఆదేశమివ్వాలి. యాడ్-ఇన్ ఉన్న ఆ ఒక్క ఫోల్డరుకే ఇచ్చాను. తగ్గించిన కాపలాను మళ్లీ పెంచాను. నాలుగుకు పది నిమిషాల ముందు జాబితా వచ్చింది; ఆ సాయంత్రం వంతు సాయవ్వదే. సంతకమైన కాగితంతో గంగారాం సైకిలెక్కాడు.

సాయవ్వ పోతూ బోర్డు వైపు చెయ్యి చూపింది. "గా బోర్డు తుడవకుంటే గింత తిప్పలు లేకపోతుండె గద బిడ్డా."

కంప్యూటర్ అడ్డుపడితే, ఎందుకు ఆపుతోందో ముందు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. కొత్తది కుదురుకునే దాకా పాతదాన్ని ఆపకూడదని కూడా. నేను బస్సెక్కే ముందు, రాజన్న ఇంకో ప్రింటు చూసి చదువుతుంటే, వంతులన్నీ సుద్దతో మళ్లీ బోర్డు మీద రాశాను.