యేసన్న ఆదివారపు గైరుహాజరు

1943 జూన్‌లో నన్ను పాకాలకూ చంద్రగిరికీ నడుమ ఒక చిన్న స్టేషనుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఆ మాట పొక్కగానే కల్లుపాకల వాళ్లు రెండు రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలుకున్నారట. తర్వాత తెలిసింది వాళ్లకు, వచ్చినవాడు పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు కాదు, పట్టాల సబ్ ఇన్‌స్పెక్టరని. అప్పటినుంచి నన్ను ఎవరూ లెక్కచెయ్యలేదు. పట్టాలు, వాటి కింద స్లీపర్లు, వాటి కింద కంకర, ఈ మూడింటినీ కలిపి రైల్వేలో పర్మనెంట్ వే అంటారు. పర్మనెంటు అన్నది పేరుకే. పోయే ప్రతి రైలూ దాన్ని కాస్త కదిలించి పోతుంది. కదిలినదాన్ని మళ్లీ బిగించడమే మా శాఖ పని.

నా కింద మూడు గ్యాంగులు. గ్యాంగుకు నాలుగు మైళ్ల లైను, పదిమందికి పైగా గ్యాంగుమన్లు, వాళ్ల మీద ఒక మేస్త్రీ. గ్యాంగులో కీమేన్ అని ఒకడుంటాడు. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే ఇనుప చీలల్ని మేము కీలంటాం. కీమేన్ సుత్తి భుజాన వేసుకుని రోజూ నాలుగు మైళ్లూ నడిచి, వదులైన కీ కనిపించిన చోటల్లా కొట్టి బిగించాలి. ఆదివారం గ్యాంగుకు సెలవు. రైళ్లకు మాత్రం ఆదివారం లేదు, కాబట్టి కీలకూ లేదు. ఆ రోజు కీమేన్‌కు బదులు ఇంకొకడు నడవాలి. వాడికి వారం మధ్యలో ఒక రోజు సెలవిస్తారు. ఎవడు నడవాలో చెప్పేది మేస్త్రీ. దాన్ని గ్యాంగు డైరీలో రాసి సంతకం పెట్టేది నేను.

రెండో గ్యాంగు మేస్త్రీ పేరు దేవసహాయం. పనిలో గట్టివాడు. పట్టా మీద చెంప ఆనించి ఒంటికన్నుతో చూసి, ఎక్కడ పావంగుళం దిగిందో చెప్పేసేవాడు. నేను సామాను పెట్టి కొలిస్తే అంతే ఉండేది, నాకు ఒళ్లు మండేది. ఆ గ్యాంగులో ముగ్గురు తప్ప అందరూ స్టేషను పక్క పాలెంలోని క్రైస్తవులు. అక్కడ చర్చిని గుడి అనే అంటారు. ఆ గుడిలో దేవసహాయం సంఘ పెద్ద కూడా. వారమంతా గ్యాంగు మీద అరిచిన గొంతుతోనే ఆదివారం కీర్తన ఎత్తుకునేవాడు. పై కప్పు పెంకులు అదిరేవి.

నేనూ క్రైస్తవుణ్ణే. జులైలో సంఘం కార్యదర్శికి బదిలీ అయింది. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పొగిడి, ఆ పుస్తకం నా నెత్తిన పెట్టారు. పొగిడితే నేను ఏ పనికైనా ఒప్పుకునే రకం.

ఆ సంఘంలో ఒక కట్టడి ఉండేది. నెలకు మొదటి ఆదివారం సంస్కార భోజనం, అంటే ప్రభువు బల్ల; యేసును తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. వరసగా మూడు నెలలు సరైన కారణం లేకుండా బల్లకు రానివాడి పేరు జాబితాకెక్కుతుంది. జాబితాకెక్కినవాడికి బల్ల లేదు, గుడిలో పెళ్లి లేదు. అయితే పేరు ఎక్కించే ముందు ఆ వీధి పెద్ద వాడి ఇంటికి పోయి, ఎందుకు రాలేదో కనుక్కుని కమిటీకి చెప్పాలి. ఈ కట్టడి రాసినవాళ్లు మంచివాళ్లే. పెద్ద అంటే కాపరి, మందలో ఒకటి కనబడకపోతే వెతుక్కుంటూ పోవాలని వాళ్ల ఉద్దేశం. పోయేవాళ్లు ఎంతమందో నేను చెప్పను.

అక్టోబరు ఆఖర్లో కమిటీ కూర్చుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, వేరుశెనక్కాయలు వలుస్తూ అధ్యక్షత వహించారు. జాబితాలో ఐదో పేరు రెండో గ్యాంగు గ్యాంగుమన్ యేసన్నది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, మూడు నెలలూ బల్లకు రాలేదు. కారణమేమిటని అయ్యగారు అడిగారు. యేసన్న వీధికి పెద్ద దేవసహాయమే. లేచి, కండువా సర్దుకుని, కారణం తెలియరాలేదని చెప్పాడు. అయ్యగారు తల ఊపారు. నేను అక్షరం అక్షరం విడివిడిగా, చక్కగా రాసుకున్నాను. ఆ గదిలో ఒక్కడికీ నవ్వు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యేసన్నకు అప్పుడే పెళ్లి కుదిరింది. పిల్ల నగరి దగ్గర మగ్గాలవాళ్ల అమ్మాయి, పేరు కిరుబ. తండ్రి లేడు, మేనమామే అంతా. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చాటింపు వెయ్యాలి. ఎవరికైనా అభ్యంతరముంటే అప్పుడే చెప్పాలి. నవంబరు ఆఖరుకు ఆగమన కాలం, అంటే క్రిస్మసుకు ముందు నాలుగు వారాలు, వస్తుంది. అది వచ్చిందంటే కొత్త సంవత్సరం దాకా మా గుళ్లో పెళ్లిళ్లు చెయ్యరు. కాబట్టి నవంబరు మొదటి ఆదివారమే తొలి చాటింపు పడాలి. ఆ మేనమామ చేతిలో మద్రాసు మిల్లులో పనిచేసే వరుడు ఇంకొకడున్నాడు. చాటింపు వినడానికి వచ్చే మేనమామ, యేసన్న బల్లకు దూరమైనవాడని తెలిస్తే, తాగుడో ఇంకో ఇల్లో ఉందనుకుని వచ్చిన రైలుకే తిరిగిపోతాడు. పెళ్లికొడుకు పేరు జాబితాలో ఉంది, చాటించలేనని అయ్యగారు గురువారం యేసన్నకు కబురు పెట్టారు.

శుక్రవారం నేను ట్రాలీ మీద లైను చూస్తూ పోతున్నాను. మనుషులు తోసే బండి అది, పైన నేను గొడుగు వేసుకుని కూర్చుంటాను. యేసన్న అడ్డం వచ్చి సలాము చేశాడు. పెళ్లి మాట ఎత్తాడు. నేను ట్రాలీ దిగకుండానే బోధ మొదలుపెట్టాను. దేవుని సన్నిధికి రాకుండా పెళ్లి మాత్రం దేవుని గుళ్లో కావాలంటే ఎట్లా అన్నాను. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆగస్టు మొదటి ఆదివారం నేను యాడ ఉండానో మీ డైరీలో సూడండయ్యా."

డైరీ ట్రాలీ పెట్టెలోనే ఉంది. తీసి చూశాను. ఆగస్టు మొదటి ఆదివారం కీమేన్‌కు బదులు యేసన్న. సెప్టెంబరు మొదటి ఆదివారం యేసన్న. అక్టోబరు కూడా యేసన్నే. నిజానికి జులై నడుమ నుంచి ప్రతి ఆదివారమూ యేసన్నే. ప్రతి పేరు కిందా నా సంతకం, ముత్యాల్లాంటి దస్తూరీతో. ట్రాలీ తోసేవాళ్లు పక్కకు తిరిగి కొండలు చూస్తూ నిలబడ్డారు. ప్రతి ఆదివారం నువ్వే ఎందుకు పోయినావని అడిగాను.

"కీమేన్ గుళ్లో డోలు వాయించాలంట. తక్కినోళ్లు పాడాలంట. నా గొంతు బాగలేదని మేస్త్రీ నన్ను పంపిస్తా వచ్చినాడయ్యా. పైవాళ్ల మాట కాదంటే ఎట్లని నేనూ పోతా వచ్చినాను."

ఆ సాయంత్రమే దేవసహాయాన్ని పిలిపించాను. పంపించింది నువ్వే గదా, కారణం తెలియరాలేదని ఎట్లా చెప్పావని నిలదీశాను. ఆయన తడబడలేదు.

"లైను మీద నేను మేస్త్రీనయ్యా, గుళ్లో పెద్దను. మేస్త్రీకి తెలిసింది పెద్దకు తెలిసినట్టు ఎట్లవుతాది? యేసన్న వచ్చి పెద్దతో సెప్పుకోలేదు గదా."

అబ్బ, ఏం తెలివి! కానీ నవ్వడానికి లేదు, ఇది రైల్వే నేర్పిన తెలివే. కాగితం మీద రాసి పైకి పంపనిది ఏదీ ఎవరికీ తెలిసినట్టు కాదు మా శాఖలో. నెల కిందటే ఈయన గుళ్లో తప్పిపోయిన గొర్రె గురించి ముప్పావు గంట బోధించి, నాయకుడైనవాడు దాన్ని ఎట్లా వెతకాలో చెప్పి ఆడవాళ్లను ఏడిపించాడు. ఆ గొర్రె ఎక్కడుందో ఆయనకు మైలు రాయి నంబరుతో సహా తెలుసు.

కోపం తెచ్చుకున్నానే గానీ, నాకు పిరికితనం పుట్టింది. రెండు పుస్తకాల్లోనూ చెయ్యి నాది. తప్పు బయటపెడితే సగం నా మీదికే వస్తుంది. అందుకని శనివారం అయ్యగారింట్లో దేవసహాయంతో కలిసి ముగ్గురం కూర్చుని మెత్తని దారి వెతికాం. నేనే తీర్మానం రాశాను: యేసన్న గైరుహాజరును సంఘం క్షమించి, అతన్ని తిరిగి బల్లకు చేర్చుకోవడమైనది. చాటింపు పడుతుంది, పెళ్లి అవుతుంది, ఎవరి పరువూ పోదు. అయ్యగారు నా భాషను మెచ్చుకున్నారు. నేను మళ్లీ ఉబ్బాను.

ఆదివారం లైనుకు ఎవరు పోవాలన్నది మిగిలింది. గ్యాంగులో మునుస్వామి అని ఒక హిందువున్నాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు. తిరుచానూరులో అమ్మవారి పంచమీ తీర్థం రోజు తన బదులు యేసన్న పనిచేస్తే చాలన్నాడు. అర నిమిషం పని. ఇన్ని నెలలుగా సంఘంలో ఒక్క పెద్దకూ తట్టలేదు.

ఆ ఆదివారం గుడి నిండింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ముందు వరసలో నగరి మేనమామ, తెల్ల పంచె, మడత నలగని చొక్కా. నేను లేచి తీర్మానం చదివాను. కూర్చోబోతుంటే వెనక నుంచి యేసన్న లేచి నిలబడ్డాడు.

"నేనేం సేసినానని అయ్యా, క్షమించేది?"

అయ్యగారు కూర్చోమని చెయ్యి ఊపారు. మంచి జరిగింది, ఇప్పుడు చాటింపు వేస్తున్నామన్నారు. యేసన్న కూర్చోలేదు. క్షమించినామన్న మాట కొట్టేస్తేనే బల్ల దగ్గరికి వస్తానన్నాడు. ఆడవాళ్ల పక్కనుంచి వాళ్లమ్మ ఏడుపు గొంతుతో అరిచింది. "కూసోరా నా తండ్రీ, పెండ్లి సెడిపోతాదిరా!"

"సెడితే సెడనీమ్మా. సేయని తప్పుకు క్షమాపణ తీసుకుంటే, ఆ పిల్ల రేపు ఏం తప్పు సేసినావని అడిగితే ఏం సెప్పేది నేను?"

మేనమామ మెడ తిప్పి యేసన్నను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయన ముఖం చూస్తే మద్రాసు వరుడే గుర్తొస్తున్నట్టుంది. గ్యాంగు డైరీ నా సంచిలోనే ఉంది. దాన్ని తీసే అవసరం రాకూడదని పొద్దుటినుంచీ ప్రార్థిస్తూనే ఉన్నాను. అంతకన్నా భక్తిగా నేను ఎన్నడూ ప్రార్థించలేదు. ప్రార్థన ఫలించలేదు. తీసి, మూడు ఆదివారాల పేజీలూ గట్టిగా చదివాను.

మేనమామ లేచాడు. తమిళం కలిసిన తెలుగులో, గొంతు పెంచకుండా అడిగాడు. "ఈ పిల్లవాణ్ణి మూడు దినాలూ లైనుకు పంపించిన మేస్త్రీ ఎవరు?"

దేవసహాయం లేచాడు. "నేనే."

"కారణం తెలియరాలేదని చెప్పిన పెద్ద?"

దేవసహాయం కూర్చోబోయినవాడు మళ్లీ నిలబడ్డాడు. "నేనే."

"రెండూ రాసింది?"

"నేను," అన్నాను. ఆడవాళ్ల పక్క ఒక ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత ఇంకొకామె. తర్వాత గుడి మొత్తం. అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. దేవసహాయం మాత్రం నవ్వలేదు, కళ్లు నేల మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషి మీద నాకు జాలేసింది, నా మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

అక్కడే, అందరూ చూస్తుండగా, తీర్మానం కొట్టేశాను. కింద ఇట్లా రాశాను: యేసన్న గైరుహాజరు అతని పైవాళ్లు పనికి పంపినందువల్ల జరిగింది. కనుక్కోకుండా పేరు ఎక్కించడం వీధి పెద్దదీ కార్యదర్శిదీ తప్పు. దేవసహాయం వచ్చి కలం అందుకుని వంకర అక్షరాలతో సంతకం చేశాడు. చేసి, యేసన్న వైపు చూడకుండానే, వచ్చే ఆదివారం లైనుకు తాను పోతానన్నాడు. నేనూ సంతకం పెట్టాను. ఆ రోజు నా దస్తూరీ ఏమంత బాగా రాలేదు.

యేసన్న ముందుకొచ్చి బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాడు. తర్వాత తొలి చాటింపు పడింది. బయటికి వచ్చాక మేనమామ నాతో, పిల్లవాడు మొండివాడు, మా కిరుబ పడాల్సిందే, కానీ అబద్ధమాడడు అన్నాడు. మూడో చాటింపు అయిన వారంలోనే పెళ్లి జరిగింది. డిసెంబరు నుంచి ఆదివారపు నడకకు వంతులు పెట్టాను, మేస్త్రీతో సహా. మేస్త్రీ వంతు వచ్చిన ఆదివారాల్లో కీర్తనలు త్వరగా అయిపోయేవి. ఎవరూ బాధపడినట్టు నాకు కనిపించలేదు.

మరుసటి సంవత్సరం వానాకాలంలో నేనే వరసగా నాలుగు నెలలు బల్లకు పోలేదు. మొదటిసారి లైను పని, తర్వాత మూడుసార్లూ ఉట్టి బద్ధకం. జాబితా రాసే రోజు కమిటీలో నా పేరు ఎవరూ ఎత్తలేదు. ఎందుకు రాలేదని అడగలేదు కూడా. ఇన్‌స్పెక్టరు రాకపోతే ఏదో పనుండి ఉంటుందనుకుంటారు. గ్యాంగుమన్ రాకపోతే ఏదో తప్పు చేసి ఉంటాడనుకుంటారు. కలం నా చేతిలోనే ఉంది కాబట్టి నా పేరు నేనే రాసుకున్నాను. కారణం దగ్గర ఒక ఆదివారానికి లైను పని అనీ, మూడింటికి బద్ధకం అనీ రాశాను. మూడు నెలలు నన్ను బల్లకు దూరం పెట్టారు. గుళ్లోనైనా లైను మీదైనా పెద్దరికం గురించి నేను నేర్చుకున్నది ఇంతే: కిందివాడు రాలేదని రాసే ముందు, వాణ్ణి ఎక్కడికి పంపామో చూసుకోవాలి, మనం ఎక్కడున్నామో కూడా రాయాలి.