మోగని గంట కాపలా

ఫిల్మ్‌నగర్ పోస్టులో సెక్యూరిటీ గార్డుగా రిపోర్ట్ చేసిన ఉదయం ఎండ అప్పుడే బండల మీదికి ఎక్కుతోంది. ఎత్తైన గుట్ట. ఒకవైపు జూబ్లీహిల్స్ బంగళాల వెనక గోడలు, మరోవైపు రేకుల ఇళ్లు. దూరంగా మాదాపూర్ వైపు క్రేన్లు. అద్దాల మేడల కోసం కొండలు పగలగొడుతున్న రోజులవి. ముందు సైరన్ మోగేది, తర్వాత బండ పేలేది, కాసేపటికి దుమ్ము వచ్చి నా టోపీ మీద కూర్చునేది. నా కిట్: లాఠీ, విజిల్, వాకీటాకీ. నేను కాపలా కాయవలసింది ఒక చర్చిని.

చర్చి అంటే సినిమా సెట్టు. ముందు గోడ, పైన శిఖరం, లోపల సిలువ, బలిపీఠం, కొన్ని బెంచీలు. వెనక గోడ లేదు. అక్కడ సర్వీ కర్రలు, వాటి వెనక బండరాళ్లు. అంతా ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్.

మా చర్చి సంఘంలో యువకులు నన్ను సరిహద్దు గురించి చెప్పమంటారు. మంచు, తుపాకులు కావాలి వాళ్లకు. చెబుతూనే ఉంటాను. కానీ నేను చేసిన డ్యూటీలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ చెక్కముక్కల చర్చి డ్యూటీ. ఈసారికి ఇదే వినండి.

ఫౌజులో నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. మంచుకొండ మీద చివరి పోస్టు. అవతలి వైర్‌లెస్ సెట్టు పలకకపోయినా వేళకు పిలవాలి, చెవి ఒగ్గి వినాలి, మళ్లీ పిలవాలి. అది ఆర్డర్. ఒక మధ్యాహ్నం కింది బేస్ ఆపరేటర్ నన్నే పిలిచాడు.

"నీ కూతురు చనిపోయింది. ఓవర్."

"మళ్లీ చెప్పు," అన్నాను.

మళ్లీ చెప్పాడు.

కృపకు నాలుగేళ్లు. మెదడువాపు జ్వరం. దారి మంచుతో మూసుకుపోయింది. నేను ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

నా భార్య సుగుణ ఆనాటి నుంచి ప్రార్థన మానేసింది. పాస్టరమ్మ ఇంటికొస్తే కాఫీ ఇచ్చేది, మోకరించేది కాదు. నేను మానలేదు. ఉదయం, సాయంత్రం, వేళ తప్పేవాణ్ణి కాదు. ఒకసారి సుగుణ అడిగింది: "మీరు ప్రార్థన చేస్తున్నారా, డ్యూటీ చేస్తున్నారా?" ఫౌజు వదిలి బోరబండలో అద్దెకు దిగినప్పుడు సామాన్లతో పాటు ఆ ప్రశ్న కూడా వచ్చింది. ఆమె మళ్లీ దేవుడితో ఒక్క మాట మాట్లాడితే చాలనుకునేవాణ్ణి. తిట్టినా సరే.

సెట్టులో నాకు తోడు కార్పెంటరు. దాన్ని కట్టింది అతనే. మొదటిరోజు బూట్లతో లోపలికి పోతుంటే ఆపాడు.

"ఫౌజీసాబ్, జర బూట్లు ఇడిచిపెట్టుండ్రి."

"ఇది సెట్టే కదా?"

"సెట్టయితే ఏంది? సిలువ నిలబెట్టినంక దేవుని జాగనే గద."

బూట్లు విప్పాను. షూటింగు మొదలైన రోజు సినిమా మేనేజర్ ఆ బలిపీఠం ముందే కొబ్బరికాయ కొట్టించి హారతి ఇప్పించాడు. సిలువకు కూడా బొట్టు పెట్టబోతుంటే నేను దగ్గాను. "పెట్టకూడదాండీ?" అని మర్యాదగా అడిగి, ఆ బొట్టు కెమెరాకు పెట్టించాడు. నాకు నవ్వాగలేదు.

ఒకరోజు కారేజీ ఇంట్లో మరిచిపోయాను. సుగుణ షేర్ ఆటో పట్టుకుని తెచ్చింది. యూనిట్ భోజనాలకు వెళ్లింది. ఆమె గుమ్మంలో నిలబడి వెనక గోడ లేని ఆ చర్చిని, దాని వెనక బండలను చాలాసేపు చూసింది. చెప్పులు విప్పింది. వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. నేను మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి ఆమె గొంతు వినిపించింది.

"జ్వరం తగ్గడం లేదని చెప్పాను నీకు. రాత్రంతా చెప్పాను. బాగుచెయ్యలేదు, సరే. అసలు విన్నావా లేదా? అదొక్కటి చెప్పు."

నేను అక్కడే ఆగిపోయాను. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అన్నం తింటూ అడిగాను, మన చర్చిలో నోరు విప్పనిదానివి ఇక్కడెందుకు విప్పావని.

"అక్కడ అందరూ ఆయన వింటున్నాడనే అంటారు. వాళ్ల మధ్య కూర్చుని విన్నావా అని అడగడానికి నోరు రాదు. ఇది ఉత్తుత్తి చర్చి అని అందరికీ తెలుసు. అందుకే భయం లేకుండా అడిగాను."

మరునాడు నేను కారేజీ మరిచిపోలేదు. అయినా ఆమె వచ్చింది. బలిపీఠం పక్కన వేలాడుతున్న తాడు పట్టుకుని లాగింది. శిఖరంలో పెద్ద గంట ఊగింది. చప్పుడు లేదు. ఇంకోసారి లాగింది.

నిచ్చెన మీద కార్పెంటరు మేకులు నోట్లోంచి తీశాడు. "సప్పుడు రాదక్కా. ఫైబర్ గంట గది. గిప్పుడు ఊగుడే. సప్పుడు ఎనక డబ్బింగుల ఎక్కిస్తరు."

"మరి మోగిందని నటించేవాళ్లకెలా తెలుస్తుంది?"

"మోగిందనుకొనే చేస్తరు గద."

ఆ మధ్యాహ్నం గంట మోగే సీనే తీశారు. సుగుణ నా పక్కన నిలబడి చూసింది. డైరెక్టర్ మైకులో "గంట" అన్నాడు. ఎవరో తాడు లాగారు. బెంచీల్లోని జూనియర్ ఆర్టిస్టులందరూ ఒక్కసారిగా తలలెత్తారు. ఒక ముసలామె కళ్ల నిండా నీళ్లు. సుగుణ గంటను చూడలేదు, ఆ ముఖాలనే చూసింది.

"వీళ్లకేం వినిపించిందండీ?"

"ఏమీ లేదు."

"కానీ ఆవిడ ముఖం అబద్ధంలా లేదు," అంది.

షూటింగు ముగిసి గుమ్మడికాయ కొట్టారు. వాకీటాకీలో మేనేజర్ గొంతు: "గార్డ్, సెట్టు తీసేస్తున్నారండీ. సాయంత్రానికి గ్రౌండ్ ఖాళీ కావాలి." "అలాగే సార్," అన్నాను. ఆ సంగతి ముందే తెలిసి సుగుణకు ముందురోజే చెప్పి ఉంచాను. వచ్చింది. అప్పటికే బెంచీలు లారీ ఎక్కాయి. "ఒక్కసారి లాగనా?" అని కార్పెంటరును అడిగింది. "లాగక్కా, అడుగుడేంది," అన్నాడు. అతను సుత్తి పక్కనపెట్టి నిలబడ్డాడు. ఆమె లాగింది.

సాయంత్రం లాఠీ, వాకీటాకీ అప్పగించి బోరబండ చేరాను. ఆదివారం పొద్దున నేను చొక్కా వేసుకుంటుంటే సుగుణ చీర మార్చుకుని వచ్చింది. నాతో పాటు బయలుదేరింది. చర్చిలో చివరి బెంచీలో కూర్చుంది. పాట పాడలేదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నా ఆమె మూసుకోలేదు.

దారిలో అడిగాను, అంతసేపూ ఏం చేశావని.

"విన్నాను," అంది. "ఏమీ వినపడలేదు. వచ్చే వారం కూడా వస్తాను."

ఆ సినిమా రాలేదు. ల్యాబులోనే ఆగిపోయిందని, నిర్మాత చేతులెత్తేశాడని కార్పెంటరు ఫోన్ చేసి చెప్పాడు. ఆ కబురు సుగుణకు చెప్పడానికి నాకు భయమేసింది. ఎలాగోలా చెప్పాను.

"అయితే గంటకు చప్పుడు ఇంకా ఎక్కించలేదన్నమాట."

"లేదట."

"ఎక్కిస్తారులెండి. అంత గంట ఊరికే కడతారా," అని కూర కలపడానికి వెళ్లిపోయింది.

శుక్రవారాలు కొత్త సినిమాలు వస్తాయి కదా. ఇప్పటికీ శుక్రవారం ఎర్రగడ్డ మార్కెట్‌కు వెళితే ఆమె గోడల మీది పోస్టర్లను ఒకసారి చూసి గాని కూరగాయల బండి దగ్గరికి రాదు. రోజూ పొద్దున ఇద్దరం కలిసి ప్రార్థనకు కూర్చుంటాం. నేను పిలుస్తాను, ఆమె వింటుంది. కృప గురించి మాకు ఈ రోజుకీ ఏ జవాబూ రాలేదు.

మంచు, తుపాకులు, వైర్‌లెస్‌లో వచ్చిన ఆ సందేశం, అన్నీ కాస్త మసకబారాయి. ఇది మాత్రం మసకబారదు. సగం విప్పేసిన చర్చి. వెనక బండల మీద మధ్యాహ్నపు ఎండ. సుగుణ రెండు చేతులతో తాడు పట్టుకుని, తలెత్తి, ఒక చెవి కాస్త పైకి ఒగ్గి నిలబడింది. గంట ఊగుతోంది. అది ఆగిపోయాక కూడా ఆమె తాడు వదలలేదు.